మొదటిసారి ఏ క్లాసు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటల మీద ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బెంగళూరు, చెన్నైల్లో ఉన్న తెలుగువాళ్ళవే. ఊళ్ళు వేరైనా ఇబ్బంది ఒకటే. ఆట కొన్నారు, రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టారు, తీరా క్లాసు (యోధుడు, మాంత్రికుడు లాంటి పాత్ర రకం) ఎంచుకోమనే తెర దగ్గర ఆగిపోయారు. ఏ క్లాసు ఎక్కువ డ్యామేజ్ ఇస్తుందని అడిగినవాళ్ళే ఎక్కువ. కొత్తగా ఆడేవాళ్ళకు ఆ లెక్కతో పని లేదు. మీరు తప్పు చేసినా ఆ క్లాసు మిమ్మల్ని ఎంతవరకు నిలబెడుతుంది, తర్వాత మనసు మారితే ఏమేం మార్చుకోవచ్చు అన్నవే చూసుకోవాలి. కింది జవాబులన్నీ ఆ లెక్కలోనే రాశాం.

ప్ర: బాల్డర్స్ గేట్ 3 కొన్నాను. ఇలాంటి ఆట ఆడటం ఇదే మొదలు. 12 క్లాసులు చూసి తల తిరిగింది. నాకైతే విజర్డ్ (మంత్రగాడు) మీద మనసుంది. కానీ ఆఫీసులో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతున్నారు. ఏది తీసుకోమంటారు? – ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జ: ఫైటర్ (ఆయుధంతో పోరాడే యోధుడు) తీసుకోండి. విజర్డ్ సరదా తీరే దారి కూడా ఉంది, అది చివర్లో చెబుతాం.

2023 ఆగస్టులో వచ్చిన ఈ ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల మీద పాచికలతో ఆడే ఆట అయిదో ఎడిషన్ నియమాల మీద నడుస్తుంది. మొదటి లెవెల్లో ఫైటర్ ప్రాణం (తట్టుకోగల దెబ్బల లెక్క) 10, దానికి కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) బోనస్ కలుస్తుంది. విజర్డుకు 6, దానికి అదే బోనస్. ఇద్దరికీ కాన్‌స్టిట్యూషన్ 15 పెట్టారనుకోండి, ఫైటరుకు 12, విజర్డుకు 8 వస్తాయి. శత్రువు ఒక్క దెబ్బ గట్టిగా తగిలించినా విజర్డు నేల మీద ఉంటాడు. ఫైటరుకు బరువైన కవచం వేసుకునే అర్హత మొదటినుంచీ ఉంటుంది కాబట్టి అసలు ఆ దెబ్బ తగిలే అవకాశమే తక్కువ. ఇక విజర్డు పొద్దున లేస్తే ఏ మంత్రాలు సిద్ధం చేసుకోవాలి, ఏ స్లాటు (మంత్రం వేసే అవకాశం) ఎప్పుడు ఖర్చు పెట్టాలి, ఏ మంత్రం కాన్‌సెంట్రేషన్ అడుగుతుంది (అలాంటిది ఒకసారికి ఒక్కటే నిలుస్తుంది) అని చూసుకోవాలి. నియమాలే రానివాళ్ళకు ఇవన్నీ ఒక్కసారే మీద పడతాయి.

అంకెలు ఇలా పెట్టండి: స్ట్రెంత్ (బలం) 17, డెక్స్‌టెరిటీ (చురుకుదనం) 14, కాన్‌స్టిట్యూషన్ 15, ఇంటెలిజెన్స్ (తెలివి) 8, విజ్డమ్ (వివేకం) 12, కరిజ్మా (మాటకారితనం) 8. ఆట ఇచ్చే 27 పాయింట్లూ, అదనంగా వచ్చే +2, +1 రెండూ ఇందులో సరిపోతాయి. +2 స్ట్రెంతుకు, +1 కాన్‌స్టిట్యూషనుకు. బోనస్ సరిసంఖ్యల దగ్గరే పెరుగుతుంది. 14కు +2, 16కు +3, 18కు +4. మరి 17, 15 ఎందుకంటే, నాలుగో లెవెల్లో ఫీట్ (అదనపు మెరుగు) అడిగినప్పుడు ఎబిలిటీ ఇంప్రూవ్‌మెంట్ తీసుకుని రెండింటికీ ఒక్కొక్కటి కలిపితే 18, 16 అయి కూర్చుంటాయి. డెక్స్‌టెరిటీ 14 వృథా కాదు. ఈ ఆటలో యుద్ధంలో ముందెవరు కదలాలో తేల్చేది చిన్న 4 ముఖాల పాచిక, దానికి డెక్స్‌టెరిటీ బోనస్ కలుస్తుంది. పాచిక చిన్నది కాబట్టి ఆ +2కి విలువ ఎక్కువ. ఫైటింగ్ స్టైల్ అడిగితే డిఫెన్స్ నొక్కి ముందుకెళ్ళండి.

ఫైటర్ దగ్గర మొదట్లో గుర్తుంచుకోవాల్సిన బటన్లు రెండే. సెకండ్ విండ్ కొంత ప్రాణం తిరిగి ఇస్తుంది, అది బోనస్ యాక్షన్, అంటే మీ వంతులో (టర్నులో) అసలు యాక్షన్‌కు తోడు చేసే చిన్న పని. రెండో లెవెల్లో వచ్చే యాక్షన్ సర్జ్ అదే టర్నులో ఇంకో యాక్షన్ ఇస్తుంది. రెండూ షార్ట్ రెస్టుతో (చిన్న విరామం) తిరిగొస్తాయి. లాంగ్ రెస్టుకు (క్యాంపులో పడుకోవడం) లాంగ్ రెస్టుకు మధ్య షార్ట్ రెస్టులు 2 ఉంటాయి. కొత్తవాళ్ళు చేసే పొరపాటు వీటిని పెద్ద బాసు కోసమని దాచుకోవడం. దాచుకుని దాచుకుని మామూలు గాబ్లిన్ల చేతిలో పోతారు. ప్రతి పెద్ద కొట్లాటలో వాడేయండి, అయ్యాక షార్ట్ రెస్ట్ కొట్టండి. లాంగ్ రెస్టు విషయంలోనూ పిసినారితనం వద్దు. మామూలు కష్టస్థాయిలో 40 క్యాంపు సామాగ్రి పాయింట్లే అడుగుతుంది, దారిలో దొరికే తిండి తీసి పెట్టుకుంటే లోటుండదు. పైగా కథలో చాలా సన్నివేశాలు క్యాంపులో పడుకుంటేనే వస్తాయి.

మూడో లెవెల్లో సబ్‌క్లాస్ (క్లాసులో ఉపరకం) అడుగుతుంది. బటన్లే వద్దనుకుంటే ఛాంపియన్, అప్పటికి చేయి తిరిగితే బ్యాటిల్ మాస్టర్. మా ఓటు రెండోదానికే. శత్రువును కింద పడేసే ట్రిప్ అటాక్ ఒక్కదానితోనే యుద్ధం నడిచే తీరు సగం అర్థమవుతుంది.

ఫైటరుకు ఒక లోటుంది. కథానాయకుడు మీరే కాబట్టి మాటలన్నీ మీరే మాట్లాడాలి, కరిజ్మా 8తో ఒప్పించడం కష్టం. మీ జట్టులో చేరే షాడోహార్ట్ దగ్గర గైడెన్స్ అనే చిన్న మంత్రం ఉంటే ఒప్పించేటప్పుడు వేసే పాచికకు మరో 1 నుంచి 4 దాకా కలుస్తుంది, ఖర్చేమీ లేదు. అదీ చాలదు, నాకు మాటకారితనమే ముఖ్యం అనుకుంటే పలడిన్ (ప్రతిజ్ఞ పట్టిన యోధుడు) తీసుకోండి. కవచం అదే, కత్తి అదే, కరిజ్మా కూడా ఉంటుంది. కాకపోతే పలడిన్ ప్రతిజ్ఞకు విరుద్ధంగా నడిస్తే అది భంగమై ఓత్‌బ్రేకర్ అయిపోతారు. ఎవరిని పడితే వాళ్ళను నరికే అలవాటున్నవాళ్ళు ఆ జోలికి పోవద్దు.

ఇక విజర్డ్ సంగతి. ఒడ్డున దిగిన కాసేపటికే గేల్ అనే విజర్డు మీ జట్టులో చేరతాడు. యుద్ధంలో అతన్ని నడిపేదీ మీరే. అతనితో మంత్రాలు నేర్చుకోండి, దొరికిన స్క్రోల్స్ (మంత్రం రాసిన చుట్టలు) అతని పుస్తకంలోకి ఎక్కించండి. మంత్రం లెవెల్‌కు 50 బంగారం చొప్పున పడుతుంది. అతను పడిపోయినా మీరు నిలబడి ఉంటారు. మంత్రాలు మీ చేతికి అలవాటయ్యాక, క్యాంపులో ఉండే విదర్స్‌కు 100 బంగారం ఇచ్చి మీ క్లాసునే విజర్డ్‌గా మార్చేసుకోండి. లెవెల్ ఎక్కడికీ పోదు. శిథిలాల కింద సమాధిగదిలో విదర్స్ కనబడతాడు. మీరు వెతక్కపోయినా తర్వాత తనే క్యాంపుకు వస్తాడు. మార్చుకోలేనిది జాతి, కాబట్టి ఆలోచించాల్సింది ఏదైనా ఉంటే ఎల్ఫా మనిషా అన్నదే.

జట్టులో చేరే లేజెల్ కూడా ఫైటరే కదా అని కొందరికి బెంగ. తొలి అంకంలో ఇద్దరు ఫైటర్లు ఉండటం లాభమే. అడ్డమనిపిస్తే ఆమె క్లాసూ 100 బంగారానికే మారుతుంది.

ప్ర: ఎల్డెన్ రింగ్‌లో మ్యాజిక్ తేలిక అని ఆస్ట్రాలజర్ (మంత్రగాడి క్లాసు) తీసుకున్నా. దూరంగా ఉన్నంతసేపు బాగానే ఉంది. దగ్గరికొస్తే రెండు దెబ్బలకే చస్తున్నా. మొదట్లోనే ఉండే బంగారు గుర్రపు సైనికుణ్ణి దాటలేకపోతున్నా. సమురాయ్‌తో మళ్ళీ మొదలెట్టాలా? – ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జ: ముందు ఆ గుర్రపువాడిని వదిలేయండి. ట్రీ సెంటినెల్‌ని చంపాలనే నిబంధనేమీ లేదు. పక్కనుంచి చుట్టూ తిరిగి చర్చ్ ఆఫ్ ఎల్లే చేరుకోండి. బయట బయలులోకి రాగానే పెట్టిన కాపలా అది. అన్నిటినీ ఎదురుగా వెళ్ళి కొట్టక్కర్లేదని చెప్పడానికే అక్కడుంది. మెలీనా అనే పాత్ర కలిసి గుర్రం ఇచ్చాక, లెవెల్ 20 దాటాక తిరిగి రండి.

రెండు దెబ్బలకు చావడానికి కారణం క్లాసు పేరు కాదు, విగర్, అంటే ప్రాణాన్ని పెంచే అంకె. ఆస్ట్రాలజర్ విగర్ 9తో మొదలవుతాడు, ప్రాణం 396. వ్యాగబాండ్ విగర్ 15తో మొదలవుతాడు, ప్రాణం 522. ఆస్ట్రాలజర్ తీసుకున్నవాళ్ళు వచ్చిన రూన్లన్నీ (లెవెల్ పెంచుకోవడానికి ఖర్చుపెట్టేవి) ఇంటెలిజెన్సుకే పోస్తారు. దెబ్బ పెరుగుతుంది, ప్రాణం మాత్రం అక్కడే ఉంటుంది. విగర్ 20కి ప్రాణం 652, 25కి 800, 40కి 1450, 60కి 1900. 15 నుంచి 40 మధ్య ఒక్కో పాయింటుకూ దక్కేది ఎక్కువ, 60 దాటాక దాదాపు ఏమీ రాదు. మీ ఆస్ట్రాలజర్‌ని అలాగే ఉంచి, రాబోయే లెవెళ్ళు ముందు విగర్ 20 అయ్యేదాకా దానికే పెట్టండి. ఇంటెలిజెన్స్‌కు మాత్రం మధ్యలో ఒక 2 పాయింట్లు ఇచ్చి 16ను 18 చేయండి. కేలిడ్ చిత్తడిలో, స్ట్రీట్ ఆఫ్ సేజెస్ శిథిలాల్లో దొరికే మీటియొరైట్ స్టాఫ్ 18 అడుగుతుంది. ఆ కర్ర అప్‌గ్రేడ్ కాదు గానీ, ఆట మొదటి భాగమంతా దాని దెబ్బకు సాటి ఉండదు. గుర్రం మీదే వెళ్ళి, శిథిలాల దగ్గర దిగి, తీసుకుని వచ్చేయండి. అక్కడి శత్రువులతో పెట్టుకోకండి.

ఫ్లాస్కుల పంపకం చాలామంది మార్చరు. గ్రేస్ (విశ్రాంతి చోటు) దగ్గర కూర్చుని, ప్రాణమిచ్చే ఎర్రవాటిలో కొన్నిటిని మంత్రశక్తినిచ్చే నీలంగా మార్చుకోవచ్చు. మంత్రగాడికి నీలం ఒక్కటే ఉంటే బాసు సగం ప్రాణంతో ఉండగానే మంత్రాలు అయిపోతాయి.

ఇక సమురాయ్ మాట. కొత్తవాళ్ళకు మేం రెండు పేర్లు చెబుతాం: సమురాయ్, వ్యాగబాండ్. సమురాయ్ దగ్గర ఉచిగటానా ఉంటుంది, అది రక్తస్రావం కలిగిస్తుంది. విల్లు కూడా మొదటినుంచీ ఉంటుంది. గుంపులో ఒక్కణ్ణి బాణంతో లాగి విడిగా చంపే వీలు కొత్తవాళ్ళకు అన్నిటికన్నా పనికొచ్చేది. వ్యాగబాండ్ దగ్గర మామూలు దెబ్బ పూర్తిగా ఆపే డాలు, ఎక్కువ ప్రాణం ఉంటాయి. అయితే వ్యాగబాండ్‌తో ఒక చిక్కుంది, దాన్ని ఆట ఎక్కడా గట్టిగా చెప్పదు. మొదట ఇచ్చిన సామానంతా ఒంటి మీద పెట్టుకుంటే బరువు 70 శాతం దాటి, రోల్ చేస్తే (దెబ్బ తప్పించుకోవడానికి దొర్లితే) మూట పడ్డట్టు దబ్బున పడతాడు. హాల్బర్డ్ (పొడవాటి కర్రకున్న గొడ్డలి) తీసి సంచిలో పెట్టండి, 70లోపుకు వచ్చి రోల్ మామూలవుతుంది. "ఆట మరీ నెమ్మదిగా ఉంది, నా వల్ల కాదు" అని మానేసినవాళ్ళలో కొందరి అసలు సమస్య ఇదే అయుండొచ్చు.

రెచ్ అనే క్లాసు జోలికి మాత్రం పోవద్దు. లెవెల్ 1, అన్నీ 10, చేతిలో ఒక దుడ్డుకర్ర, ఒంటి మీద బట్టలు కూడా ఉండవు. "అన్నీ సమానం కాబట్టి ఏ బిల్డయినా (పాయింట్ల పంపకం) చేసుకోవచ్చు" అని సలహా ఇచ్చేవాళ్ళు ఆటను ఇప్పటికే నాలుగుసార్లు పూర్తిచేసినవాళ్ళు.

ఏది తీసుకున్నా ఆయుధాన్ని పెంచడం మరవకండి. చర్చ్ ఆఫ్ ఎల్లే దగ్గరున్న దాగలి మీద +3 దాకా కొట్టుకోవచ్చు. మొదటి రకం స్మితింగ్ స్టోన్లు +1కు 2, +2కు 4, +3కు 6, మొత్తం 12 కావాలి. మొదటి ప్రాంతమైన లిమ్‌గ్రేవ్ సొరంగాల్లో గోడలకే అంటుకుని దొరుకుతాయి. మార్గిట్ అనే బాసు దగ్గర ఇరుక్కున్నవాళ్ళు ఒకసారి ఆయుధం పక్కన అంకె చూసుకోండి. అక్కడ అంకేమీ లేకపోతే లోపం మీ చేతివాటంలో లేదు.

తర్వాత బిల్డ్ మార్చాలంటే రాయా లుకారియా అకాడమీలో రెన్నాలా అనే బాసును ఓడించాక, ఒక్కోసారికి ఒక్కో లార్వల్ టియర్ అనే వస్తువు ఇచ్చి పాయింట్లన్నీ తిరిగి పంచుకోవచ్చు. మొదటి క్లాసు ఇచ్చిన అంకెల కన్నా కిందికి మాత్రం దించలేరు. అంటే క్లాసు ఎంపిక ప్రభావం చివరికి మిగిలేది కొద్ది పాయింట్లే.

ప్ర: మేం నలుగురం ఆఫీసు స్నేహితులం, శనివారాలు కలిసి బాల్డర్స్ గేట్ 3 ఆడాలనుకుంటున్నాం. మిగతా ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్ళు. "నువ్వు కొత్త కాబట్టి హీలర్ తీసుకో, వెనక నిలబడితే చాలు" అంటున్నారు. నిజంగా అది తేలికేనా? – ఒక పాఠకురాలు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బెంగళూరు

జ: కాదు. తేలిక అంటున్నవాళ్ళే ఆ పని తీసుకోకపోవడం మీరు గమనించే ఉంటారు.

వెనక నిలబడి కేవలం వైద్యం చేసే పాత్ర ఈ ఆటలో లేదు. ఒక టర్నులో మీరు ఇచ్చే ప్రాణం కన్నా శత్రువు అదే టర్నులో తీసేది ఎక్కువ. క్యూర్ వూండ్స్ మొదటి లెవెల్లో 8 ముఖాల పాచిక ఒక్కటి, బోనస్. అంతే. అందుకే తెలిసిన ఆటగాళ్ళు గాయాలకు వైద్యం చెయ్యరు, పడిపోయినవాణ్ణి లేపుతారు. ప్రాణం 0 అయినవాడు ఒక్క పాయింటు వచ్చినా లేచి నిలబడతాడు. దానికి హీలింగ్ వర్డ్ ఉంది, 18 మీటర్ల దూరం నుంచి, బోనస్ యాక్షన్‌తో. మీ అసలు యాక్షన్ ఇంకో పనికి మిగులుతుంది. మంత్రమే అక్కర్లేదు, ఎవరైనా దగ్గరికెళ్ళి హెల్ప్ కొట్టినా లేస్తాడు. ఎప్పుడు లేపాలి, ఎవరిని వదిలేయాలి, ఏ కాన్‌సెంట్రేషన్ మంత్రం నిలుపుకోవాలి అన్నది చూడటానికి జట్టు మొత్తం పరిస్థితి తెలియాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు అదే తెలియదు.

ఆ ముగ్గురిలో అందరికన్నా ఎక్కువ ఆడినవారిని క్లెరిక్ (వైద్య మంత్రాలున్న పూజారి) తీసుకోమనండి. మీరు బార్బేరియనో ఫైటరో తీసుకుని ముందు నిలబడండి. తప్పు జరిగితే మీరొక్కరే పడతారు, వాళ్ళు లేపుతారు.

వాళ్ళు ఒప్పుకోకపోతే లైఫ్ డొమైన్ క్లెరిక్ తీసుకోండి, బరువైన కవచమూ డాలూ రెండూ వస్తాయి. విజ్డమ్ 16 లేదా 17 పెడితే మొదటి లెవెల్లో 4 మంత్రాలు సిద్ధం చేసుకోవచ్చు. హీలింగ్ వర్డ్, గైడింగ్ బోల్ట్, కమాండ్, శాంక్చురీ. బ్లెస్, క్యూర్ వూండ్స్ లైఫ్ డొమైన్‌కు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి, వాటికి స్థానం ఖర్చు పెట్టకండి. యుద్ధం మొదలవగానే ముగ్గురి మీద బ్లెస్ (కొట్టే దెబ్బల గురి పెంచే మంత్రం) వెయ్యండి. తర్వాత ఎవరైనా పడేదాకా కొట్టండి, వైద్యం మాట తలపెట్టొద్దు. బ్లెస్ కాన్‌సెంట్రేషన్ మంత్రం, ఒకసారికి అలాంటిది ఒక్కటే నిలుస్తుంది. షీల్డ్ ఆఫ్ ఫెయిత్ వేశారా, బ్లెస్ ఎగిరిపోతుంది. కొత్త క్లెరిక్‌ల మీద అందరూ విసుక్కునేది ఇక్కడే. అయిదో లెవెల్లో మీ చుట్టూ ఉన్న శత్రువులను కొట్టే స్పిరిట్ గార్డియన్స్ వస్తుంది, అప్పుడు ఆ ముగ్గురూ మీ వెనక నిలబడతారు.

మందు సీసాల గురించి ఒక మాట: తాగితే బోనస్ యాక్షన్, విసిరితే యాక్షన్. పడిపోయినవాడి పక్కన విసిరినా అతనికి ప్రాణం వస్తుంది. నలుగురూ తలా 2 సీసాలు దగ్గర పెట్టుకుంటే హీలర్ ఎవరన్న గొడవ సగం తగ్గుతుంది.

ప్ర: మా అబ్బాయికి 13 ఏళ్ళు. స్నేహితులు ఆడుతున్నారని డయాబ్లో 4 కొనమంటున్నాడు, నెక్రోమాన్సర్ (శవాలను లేపే మాంత్రికుడు) అంటున్నాడు. అది పిల్లలకు తేలికగా ఉంటుందా? – ఒక తల్లి, వేళచ్చేరి, చెన్నై

జ: ఆడటం తేలికేనమ్మా, కానీ ఆ ఆట పిల్లలకు కాదు. యూరప్ రేటింగ్ ప్రకారం 18 దాటినవాళ్ళకు. రక్తపాతం చిన్నగా ఏమీ ఉండదు. బాల్డర్స్ గేట్ 3 కూడా అదే కోవ. ఇలాంటి గుంపు కొట్లాట ఆటే కావాలంటే మైన్‌క్రాఫ్ట్ డంజియన్స్ చూడండి, దాని రేటింగ్ 7. అందులో క్లాసులే లేవు. వేసుకున్న కవచం, పట్టుకున్న ఆయుధం, ఆర్టిఫాక్టులనే మాయా వస్తువులను బట్టి పాత్ర మారుతుంది. బాబు విల్లు పట్టుకుంటే విలుకాడు, పెద్ద సుత్తి పట్టుకుంటే సుత్తివాడు. నచ్చకపోతే అక్కడికక్కడే మార్చుకుంటాడు. ఒకే ఇంట్లో నలుగురు దాకా ఒకే తెర మీద ఆడొచ్చు కాబట్టి మీరూ ఒక కంట్రోలర్ పట్టుకోండి.

ప్ర: మా ఆయన ఎప్పుడూ వీడియో గేమ్ ఆడలేదు. ప్లేస్టేషన్ 5లో ఇద్దరం ఒకే టీవీ మీద బాల్డర్స్ గేట్ 3 ఆడాలని. నాకు అలవాటే. ఆయనకు ఏ క్లాసు ఇవ్వను? బోర్ కొట్టకూడదు. – ఒక పాఠకురాలు, కేఆర్ పురం, బెంగళూరు

జ: బార్బేరియన్. మొదటి లెవెల్లో ప్రాణం 12, దానికి కాన్‌స్టిట్యూషన్ బోనస్. ఇంతకన్నా ఎక్కువ ఏ క్లాసుకూ లేదు. యుద్ధం మొదలవగానే రేజ్ నొక్కమనండి. మామూలు ఆయుధాల దెబ్బ సగానికి తగ్గుతుంది, తను కొట్టే దెబ్బకు 2 కలుస్తుంది. ఇక పరిగెత్తి కొట్టడమే. మంత్రాల పేజీ తెరిచే పనే లేదు.

ఆయనకు ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. టర్నులో ఎవర్నీ కొట్టకుండా, ఎవరి చేతా దెబ్బ తినకుండా ఉంటే రేజ్ ఆగిపోతుంది, కాబట్టి దూరంగా ఉన్న శత్రువు వైపు ఊరికే నడవడంలో టర్ను వృథా చెయ్యొద్దు. అందకపోతే చేతిలో ఉన్నది విసరాలి. రేజ్ మొదట్లో లాంగ్ రెస్టుకు 2సార్లే. బరువైన కవచం తొడిగితే రేజ్ లాభాలు పోతాయి. దారిలో మెరిసే ఇనుప కవచం దొరికిందని ఆశపడి తొడిగేది కొత్తవాళ్ళే. అసలు కవచమే లేకపోయినా డెక్స్‌టెరిటీ, కాన్‌స్టిట్యూషన్ రెండూ కలిసి రక్షణగా లెక్కకొస్తాయి.

బోర్ గురించి: రేజ్‌లో ఉండగా మంత్రాలు వెయ్యలేరు గానీ, మిగతా సమయంలో స్క్రోల్స్ ఎవరైనా చదవొచ్చు. ఫైర్‌బాల్ స్క్రోల్ ఒకటి ఆయన చేతికిచ్చి చూడండి. మాటలు మీ పాత్ర మాట్లాడేట్టు మీరు కరిజ్మా మీద నడిచే బార్డో వార్లాకో తీసుకోండి. కష్టస్థాయి ఎక్స్‌ప్లోరర్ (అన్నిటికన్నా తేలికది) పెట్టండి. అందులో మల్టీక్లాస్ (ఒకే పాత్రకు రెండు మూడు క్లాసులు కలపడం) కుదరదు, మొదటిసారికి అది అడ్డు కాదు, మేలే.

ప్ర: డయాబ్లో 4లో సోర్సరర్, నెక్రోమాన్సర్ రెండింట్లో ఏది మేలు? మా వైపు కరెంటు అప్పుడప్పుడు పోతుంటుంది, ఇన్వర్టర్ ఉంది. హార్డ్‌కోర్‌లో ఆడితే త్వరగా నేర్చుకుంటారంటున్నారు, నిజమేనా? – ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై

జ: హార్డ్‌కోర్ మాట మర్చిపోండి. ఒక్కడే ఆడినా ఈ ఆటకు ఎప్పుడూ ఇంటర్నెట్ ఉండాలి. లైను తెగినా పాత్ర కొంతసేపు లోకంలోనే నిలబడి ఉంటుంది, రాక్షసులు ఆగరు. హార్డ్‌కోర్‌లో చస్తే ఆ పాత్రతో మళ్ళీ ఆడలేరు, కారణం కరెంటైనా సరే. ఇన్వర్టర్ ఉన్నా కరెంటు మారే క్షణంలో రౌటర్ రీస్టార్టయితే ఫలితం అదే. రౌటరుకు వేరే చిన్న యూపీఎస్ పెట్టండి, మీ ఇన్వర్టరుకు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అది వెయ్యండి.

రెండింట్లో నెక్రోమాన్సర్. శవాల్లోంచి లేపిన అస్థిపంజరాలు మీకూ రాక్షసులకూ మధ్య నిలబడతాయి. మీరు తెర చదువుకోవడానికి, ఏ దాడి ఎటునుంచి వస్తోందో చూడటానికి సమయం దొరుకుతుంది. బుక్ ఆఫ్ ది డెడ్‌లో సేవకులను బలిచ్చి బదులుగా మీ సొంత బలం పెంచుకునే వీలుంది. అంకెలు పెద్దగా కనిపిస్తాయని మొదట్లోనే అన్నిటినీ బలిస్తే ఆ క్లాసు తీసుకున్న లాభమే పోయింది, బలహీనమైన సోర్సరర్‌లా మిగులుతారు. ఆట అసలు కథ (క్యాంపెయిన్) పూర్తయ్యేదాకా అస్థిపంజరాలను ఉంచుకోండి.

సోర్సరరే కావాలనుకుంటే రక్షణ నైపుణ్యాలు నాలుగున్నాయి: ఫ్లేమ్ షీల్డ్, టెలిపోర్ట్, ఐస్ ఆర్మర్, ఫ్రాస్ట్ నోవా. వాటిలో కనీసం 2 మీ నైపుణ్యాల బార్ మీద ఉండాలి. అన్ని స్థానాలూ దాడికే పెట్టినవాళ్ళు పెద్ద బాసు దగ్గర నిలవరు. నైపుణ్య పాయింట్లు బంగారం ఇచ్చి తిరిగి తీసుకోవచ్చు, క్లాసు మాత్రం మారదు. మార్చాలంటే కొత్త పాత్రే.

ప్ర: చెన్నైలో ఉండి విదేశీ సర్వర్లలో ఆడేవాళ్ళు పింగ్ (సర్వరుకు సంకేతం వెళ్ళి రావడానికి పట్టే సమయం) వల్ల ఏ క్లాసు తీసుకోవాలి? ఫైనల్ ఫాంటసీ 14 మొదలెడదామని ఉంది. – ఒక విద్యార్థి, తాంబరం

జ: చెన్నై నుంచి సింగపూరుకు సముద్రం కింద నేరుగా కేబుళ్ళున్నాయి. వాటిలో ఐ2ఐ పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. ఫైబర్లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. రానూపోనూ లెక్కేస్తే 32 మిల్లీసెకన్లు, అంతకన్నా తగ్గడం ఎవరి వల్లా కాదు. ఆట సర్వర్ సింగపూరులో ఉంటే మీరు ఏ క్లాసైనా తీసుకోవచ్చు. ఫైనల్ ఫాంటసీ 14 సర్వర్లు జపాన్, ఉత్తర అమెరికా, యూరప్, ఓషియానియాల్లో ఉన్నాయి, కాబట్టి పింగ్ మూడంకెల్లో ఉంటుందనుకోండి.

అయినా దిగులు పడక్కర్లేదు. ఈ ఆటలో నేల మీద నారింజ రంగు గుర్తు పడ్డప్పుడు దెబ్బ తగిలిందా లేదా అన్నది శత్రువు క్యాస్ట్ బార్ (దాడికి ముందు నిండుతూ కనిపించే పట్టీ) నిండిన క్షణంలోనే తేలిపోతుంది. ఆ తర్వాత కనిపించే మంట, పేలుడు ఉత్త బొమ్మే. పింగ్ ఉన్నవాళ్ళు బార్ నిండేదాకా ఆగకుండా గుర్తు కనబడగానే కదలాలి. అందుకే నిలబడి పొడవాటి మంత్రాలు చదివే థామటర్జ్ వద్దు. ఆర్కనిస్ట్ తీసుకోండి. లిమ్సా లొమిన్సాలో మొదలవుతుంది. లెవెల్ 30లో సమనర్ అవుతారు, దాని మంత్రాల్లో ఎక్కువ భాగం నడుస్తూనే వెయ్యొచ్చు. అదే అనుభవంతో స్కాలర్ అనే హీలర్ కూడా పెరుగుతుంది, ఒక దెబ్బకు రెండు పిట్టలు. లెవెల్ 10 క్లాస్ క్వెస్ట్ అయ్యాక అదే పాత్రతో మిగతా క్లాసులూ నేర్చుకోవచ్చు కాబట్టి తప్పు ఎంపిక అంటూ ఏదీ లేదు. ఉచిత ట్రయల్ లెవెల్ 70 దాకా, రోజుల పరిమితి లేకుండా ఉంది. డబ్బు అప్పుడే పెట్టకండి. హాస్టల్ వైఫై మీద ఆడుతుంటే మాత్రం ముందు లాన్ కేబుల్ సంగతి చూడండి. పింగ్ ఎక్కువగా ఉండటం కన్నా అది ఎగుడుదిగుడుగా ఉండటమే ఎక్కువ చంపుతుంది.

ప్ర: స్కైరిమ్‌లో క్లాసు అడగనే లేదు. నేనేమైనా దాటేశానా? – ఒక పాఠకుడు, విజయనగర్, బెంగళూరు

జ: ఏమీ దాటలేదు. 2011లో వచ్చిన ఆ ఆటలో క్లాసులు లేవు, 18 నైపుణ్యాలున్నాయి. ఏది వాడితే అది పెరుగుతుంది. హెల్గెన్ నుంచి రివర్‌వుడ్ పోయే దారిలో మూడు గార్డియన్ రాళ్ళు కనబడతాయి: యోధుడు, మాంత్రికుడు, దొంగ. ముట్టుకున్నదాన్ని బట్టి ఆ కోవ నైపుణ్యాలు 20 శాతం వేగంగా పెరుగుతాయి. తర్వాత ఎప్పుడైనా వచ్చి ఇంకోటి ముట్టుకోవచ్చు. కత్తి, డాలుతో మొదలెట్టి యోధుడి రాయి ముట్టుకోండి. మాంత్రికుడి రాయి ముట్టి కత్తి తిప్పుతూ, లెవెల్ ఎందుకు పెరగట్లేదని రాసినవాళ్ళున్నారు.